ఫైట్ సీన్లో ఎవరు కనబడతారు? యాక్షన్ సినిమా వందేళ్ళ చరిత్ర, మన వైపు నుంచి



సినిమాల్లో మనల్ని ఎట్లా చూపించారు అన్న చర్చ వస్తే మనం ఎక్కువగా కథ గురించే మాట్లాడతాం. పాత్రకి పేరు పెట్టారా, మన భాష సరిగ్గా పలికించారా, నెత్తిన ఈకలు ఎందుకు పెట్టారు, ఇట్లా. అవన్నీ అడగాల్సినవే. కానీ ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని మనం దాదాపుగా అడగం. కొట్లాట జరుగుతున్నప్పుడు కెమెరా ఎవరి పక్కన నిలబడింది? కట్ ఎవరి ముఖం మీద పడింది? ఇది ఎడిటింగ్ నేర్చుకునేవాళ్ళ గొడవ, మనకెందుకులే అనుకోవద్దు. ఫైట్‌లో ఏ మనిషి స్పష్టంగా కనబడ్డాడో ఆ మనిషి బాధే చూసేవాడికి అర్థమవుతుంది. కనబడనివాడు చచ్చినా లెక్కలోకి రాడు. అందుకే ఈ పోస్టు కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఓపిగ్గా చదవండి.

ముందు చిన్న లెక్క చూద్దాం. ఒక ఫైట్ మనకి స్పష్టంగా అర్థం కావాలంటే మూడు సంగతులు తెలియాలి. ఎవరు ఎక్కడ ఉన్నారు? ఎటు కదులుతున్నారు? వాళ్ళకి ఏం కావాలి? కబడ్డీ మ్యాచ్ టీవీలో చూస్తారు కదా. మెయిన్ కెమెరా కోర్టుకి ఒకే పక్కన ఉంటుంది. అందుకే రైడర్ ఎటు పోతున్నాడో, ఏ గీత తాకాలో మనకి ప్రతిసారీ చెప్పనక్కర్లేదు. అదే మధ్యలో ఉన్నట్టుండి అవతలి పక్క కెమెరాకి మార్చారనుకోండి, కుడికి పోతున్న రైడర్ ఎడమకి పోతున్నట్టు కనబడతాడు. ఒక్క క్షణం మనకి తల తిరుగుతుంది. సినిమావాళ్ళు కూడా ఇద్దరు కొట్టుకునేవాళ్ళ మధ్య ఒక ఊహా గీత గీసుకుని, కెమెరాని ఆ గీతకి ఒకే పక్కన ఉంచుతారు. దీన్నే 180 డిగ్రీల రూల్ అంటారు. ఈ రూల్ ఒక్కరోజులో పుట్టలేదు. మెల్లగా, సినిమా తర్వాత సినిమాగా తయారైంది.

దూరం నుంచి దగ్గరికి

1903లో అమెరికాలో ఎడ్విన్ పోర్టర్ 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ' తీశాడు. సుమారు 12 నిమిషాల సినిమా. దొంగలు రైలు ఆపి దోచుకుని పారిపోతారు, జనం వెంటపడతారు. దాదాపు అంతా దూరం నుంచే తీశారు. మనిషి తల నుంచి కాలి దాకా కనబడతాడు, ముఖం మాత్రం సరిగ్గా తెలియదు. మనం నాటకం చూస్తున్నట్టే ఉంటుంది. దొంగలెవరో, పట్టుకునేవాళ్ళెవరో బట్టల్ని బట్టి, కదలికని బట్టి తెలుసుకోవాలి. ఎవరి మీదా ప్రత్యేకంగా జాలి పుట్టదు.

పదేళ్ళు తిరిగేసరికి డి.డబ్ల్యూ. గ్రిఫిత్ ఆ పద్ధతిని పూర్తిగా మార్చేశాడు. 1913లో ఆయన తీసిన 'ది బ్యాటిల్ ఎట్ ఎల్డర్‌బుష్ గల్చ్'లో తెల్లవాళ్ళ గుడిసె ఒకటి, దాని చుట్టూ దాడి చేసే అమెరికా మూలవాసులు. గుడిసె లోపల పసిబిడ్డ, భయపడుతున్న ఆడవాళ్ళు. ఒక షాట్ లోపల, ఒక షాట్ బయట, ఇంకో షాట్ దూరాన సాయానికి పరిగెత్తుకొస్తున్న సైనికుల గుర్రాలు. ఈ మూడింటినీ మార్చి మార్చి చూపించాడు. దీన్నే క్రాస్ కటింగ్ అంటారు. ఇవాళ మన తెలుగు సినిమాలో హీరో పరిగెత్తుకొస్తుంటే ఇంకోపక్క హీరోయిన్ ప్రమాదంలో ఉండటం చూస్తామే, అది ఈ దారిలోంచి వచ్చిందే.

ఇక్కడ ఆగి చూడండి. ఆ మూడు షాట్లలో ముఖం ఎవరికి దక్కింది? గుడిసె లోపలివాళ్ళకి. బయటివాళ్ళకి దక్కింది దుమ్ము, అరుపు. సినిమా చాలా స్పష్టంగా ఉంటుంది, కానీ ఆ స్పష్టత ఒక వైపు మాత్రమే. తర్వాత 1915లో అదే గ్రిఫిత్ 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' తీశాడు. అదే క్రాస్ కటింగ్, అదే ఆఖరి నిమిషంలో వచ్చే రక్షణ. ఈసారి గుర్రాల మీద వచ్చే రక్షకులు ఎవరో తెలుసా? నల్లవాళ్ళని చంపి భయపెట్టిన కు క్లక్స్ క్లాన్ ముఠా. చూసేవాళ్ళు ఆ ముఠా త్వరగా రావాలని కోరుకునేలా ఎడిటింగ్ పనిచేసింది. అదే ఏడాది అమెరికాలో క్లాన్ మళ్ళీ కొత్తగా పుట్టింది, ఆ సినిమాని సభ్యుల్ని చేర్చుకోవడానికి వాడుకుంది. ఎడిటింగ్ ఎంత బలమైన పనిముట్టో చెప్పడానికి ఇంతకంటే చేదు ఉదాహరణ ఉండదు.

మెట్లు తలకిందులు చేసినాయన

1925లో సోవియట్ రష్యాలో సెర్గీ ఐసెన్‌స్టీన్ 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్' తీశాడు. ఒడెస్సా ఊర్లో మెట్ల మీద జార్ సైనికులు జనాన్ని కాల్చే సీను దాంట్లో ఉంది. ఫిల్మ్ స్కూళ్ళలో ఈ సీనుని ఇప్పటికీ పాఠంగా చెప్తారు. ఐసెన్‌స్టీన్ చేసిన పని గ్రిఫిత్ చేసినదానికి అచ్చం తలకిందులు. తుపాకీ పట్టుకున్నవాళ్ళకి ఇక్కడ ముఖాల్లేవు. వాళ్ళు బూట్ల వరస, తుపాకుల వరస, వీపుల వరస. ముఖాలు జనానివి. కళ్ళద్దాల ముసలమ్మ, బిడ్డ శవాన్ని చేతుల్లో మోసుకుని పైకి ఎక్కే తల్లి, తోపుడు బండిలో పసిబిడ్డ.

దిక్కు కూడా చూడండి. సైనికులు పైనుంచి కిందికి. ఆ తల్లి ఒక్కతే కింద నుంచి పైకి. షాట్లు చాలా చిన్నవి, టకటకా మారిపోతుంటాయి, అయినా మనం తప్పిపోం. ఎందుకంటే మెట్లు అనే ఒక్క జాగా, పైకి కిందికి అనే రెండే దిక్కులు మన మనసులో ముందే నాటుకుని ఉంటాయి. కట్లు ఎన్ని అన్నది అంత ముఖ్యం కాదు. చూసేవాడి కాళ్ళ కింద నేల ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

బండిలో తొమ్మిది మంది, బయట గుంపు

ఇప్పుడు 1939కి రండి. జాన్ ఫోర్డ్ తీసిన 'స్టేజ్‌కోచ్'. ఒక గుర్రపు బండి, దాంట్లో రకరకాల ప్రయాణికులు, చివర్లో ఎడారిలో అపాచీల వెంటాట. యాక్షన్ సినిమా చరిత్రలో దీనికి పెద్ద పేరు. అపాచీ వేషంలో పరిగెత్తే గుర్రాల మీదికి దూకి, కింద పడి, గుర్రాల మధ్య నుంచి, బండి కింద నుంచి జారిపోయే సాహసం చేసినవాడు యాకిమా కనట్ అనే స్టంట్ మనిషి. ఇప్పటికీ స్టంట్‌వాళ్ళు ఆ పనిని తలుచుకుంటారు.

తమాషా ఏంటంటే, ఈ వెంటాటలో ఫోర్డ్ 180 డిగ్రీల రూల్‌ని పట్టించుకోలేదు. బండి ఒక షాట్‌లో ఇటు పోతే ఇంకో షాట్‌లో అటు పోతుంది. అయినా ఎవరూ తికమక పడరు. చదునైన ఎడారి, ఒక బండి, వెనక తరిమేవాళ్ళు. తరిమేది ఎవరో, తరమబడేది ఎవరో ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది.

మరి ఆ తరిమేవాళ్ళు? ఈ సినిమాలో మాన్యుమెంట్ వ్యాలీ కనబడుతుంది. అది నవాహో జాతి నేల. అపాచీలుగా నటించింది నవాహోలు. వాళ్ళ కొండలు వాళ్ళకి తెలుసు, గుర్రాలు తెలుసు. కానీ దాడి చేసేవాళ్ళకి సినిమాలో మాటల్లేవు. బండిలో ఉన్న తొమ్మిది మందిలో ఒక్కొక్కరి భయం, ప్రేమ, తాగుబోతుతనం అన్నీ మనకి తెలుసు. బయట ఉన్నవాళ్ళు ఎందుకు దాడి చేస్తున్నారో, ఆ నేల మీదికి బండి ఎందుకొచ్చిందో తెలియదు. కెమెరా ఎక్కువసేపు బండిలో కూర్చుంది. బండిలో కూర్చున్నవాడికి కొండ మీద మనిషి ప్రమాదంగానే కనబడతాడు. అదే కెమెరా కొండ మీద కూర్చుని ఉంటే బండి ఎట్లా కనబడేది? ఇంత సులువైన ప్రశ్న హాలీవుడ్‌కి చాలా ఏళ్ళు తట్టలేదు.

ఊరి మ్యాప్

జపాన్‌లో అకిరా కురొసావా 1954లో 'సెవెన్ సమురాయ్' తీశాడు. పేద రైతుల ఊరు, ప్రతి పంటకీ దోచుకుపోయే బందిపోట్లు, ఊరిని కాపాడ్డానికి వచ్చిన ఏడుగురు యోధులు. మూడున్నర గంటల సినిమా. యుద్ధం మొదలవకముందే పెద్ద యోధుడు కంబె మ్యాప్ పట్టుకుని ఊరంతా తిరుగుతాడు. ఇటు నుంచి గుర్రాలు వస్తే ఏం చేయాలి, ఇక్కడ కంచె కట్టాలి, అక్కడ పొలానికి నీళ్ళు పెట్టాలి, ఆ వంతెన తీసేయాలి. మనం కూడా అతనితో పాటు ఊరంతా తిరిగేస్తాం. బందిపోట్లు ఎంతమందో కాగితం మీద సున్నాలు గీసి, చచ్చినప్పుడల్లా ఒకటి కొట్టేస్తుంటాడు. చివరి యుద్ధం జోరు వానలో, బురదలో జరుగుతుంది. కురొసావా ఒకేసారి రెండు మూడు కెమెరాలు పెట్టి, దూరం నుంచి దగ్గరగా చూపించే లెన్సులతో తీశాడు, ఎడిటింగ్ తనే చేసుకున్నాడు. అంత వానలో కూడా ఎవరు ఎక్కడున్నారో, ఇంకా ఎంతమంది మిగిలారో మనకి తెలుస్తుంది.

దానికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఇక్కడ ఊరి జనం గుంపు కాదు. రికిచి, మాంజో, యోహె అని పేర్లున్నాయి, పిరికితనం ఉంది, కోపం ఉంది. వెదురు బల్లేలు పట్టుకుని వాళ్ళే పొడుస్తారు. అయితే బందిపోట్లు మాత్రం ఇక్కడ కూడా చాలావరకు ముఖం లేని గుంపే. అంటే ఎంత గొప్ప దర్శకుడైనా ఎవరో ఒకరిని మసకగా వదిలేస్తాడు. ఎవరిని వదిలేశాడన్నది మనం చూడాలి.

వేగం తప్పు కాదు

1980ల్లో హాంకాంగ్ వాళ్ళది ఇంకో దారి. జాకీ చాన్ 'పోలీస్ స్టోరీ' (1985) చూడండి. కెమెరా కాస్త వెనక్కి జరిగి నిలబడుతుంది, మనిషి మొత్తం కనబడతాడు, దెబ్బ మొదలైన చోటి నుంచి తగిలిన చోటి దాకా చూస్తాం. షాపింగ్ మాల్‌లో స్తంభం పట్టుకుని లైట్ల మధ్యలోంచి కిందికి జారే సాహసాన్ని మూడు వైపుల నుంచి మళ్ళీ మళ్ళీ చూపించారు. నిజంగా చేశాడు చూడండి అని చెప్పడం అన్నమాట.

2000 తర్వాత హాలీవుడ్ దీనికి ఉల్టా పోయింది. సినిమా చరిత్రకారుడు డేవిడ్ బోర్డ్‌వెల్ లెక్కగట్టాడు. 1930 నుంచి 1960 దాకా హాలీవుడ్ సినిమాల్లో ఒక్కో షాట్ సగటున 8 నుంచి 11 సెకన్లు. 2007లో పాల్ గ్రీన్‌గ్రాస్ తీసిన 'ది బోర్న్ అల్టిమేటమ్'లో సుమారు 2 సెకన్లు. కెమెరా చేతిలో వణుకుతుంటుంది. టాంజియర్ ఊరి ఇంట్లో జరిగే కొట్లాటలో పుస్తకం, తువ్వాలు, చేయి, గోడ, అన్నీ ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఊపిరాడనట్టు ఉండాలని వాళ్ళు కావాలనే చేశారు. ఎడిటర్ క్రిస్టఫర్ రౌజ్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. కానీ తర్వాత కాపీ కొట్టినవాళ్ళకి కారణం అక్కర్లేదు, కట్లు ఉంటే చాలు. 'టేకెన్ 3'లో హీరో ఒక కంచె దూకుతాడు. ఆ కొన్ని సెకన్లకి పదికి పైగా కట్లు! దూకడం తప్ప అన్నీ కనబడతాయి.

అట్లాగని వేగమే తప్పు అనొద్దు. 2015లో జార్జ్ మిల్లర్ 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' తీశాడు. రెండు గంటల్లో సుమారు 2,700 షాట్లు. అంటే ఒక్కోటి మూడు సెకన్లు కూడా లేదు. కానీ చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. కారణం, చూడాల్సిన వస్తువుని ప్రతి షాట్‌లోనూ ఫ్రేమ్ నడిమధ్యలో పెట్టమని మిల్లర్ కెమెరామన్ జాన్ సీల్‌కి చెప్పాడు. కట్ పడినా మన కన్ను వెతుక్కోనక్కర్లేదు, ఉన్నచోటే ఉంటుంది. దాదాపు 480 గంటల ఫుటేజీలోంచి ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్ ఆ రెండు గంటలు తీసింది, ఆస్కార్ అందుకుంది. ఒడెస్సా మెట్ల పాఠమే మళ్ళీ. కన్నుకి ఒక చోటు ఇచ్చాక ఎంత వేగంగా పోయినా పర్వాలేదు.

మన దగ్గర

ఇప్పుడు మన తెలుగుకి వద్దాం. 'బాహుబలి' మొదటి భాగం (2015)లో కాలకేయులతో యుద్ధం గుర్తుందా? రాజమౌళి కురొసావా లాగే యుద్ధానికి ముందే త్రిశూల వ్యూహం వివరంగా చూపిస్తాడు. సెంథిల్ కుమార్ కెమెరా, కోటగిరి వెంకటేశ్వరరావు ఎడిటింగ్. వేలమంది కొట్టుకుంటున్నా ఏ దళం ఎక్కడుందో తెలుస్తుంది. పనితనంలో వంక పెట్టలేం. మరి కాలకేయులు ఎవరు? నల్ల రంగు పూసిన ఒళ్ళు, అర్థంకాని అరుపులు, వాళ్ళ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన 'కిలికి' భాష. నాయకుడికి తప్ప ఇంకెవరికీ ముఖం లేదు. 1913లో గుడిసె బయట ఉన్న గుంపే 2015లో మహిష్మతి కోట బయటికి వచ్చి నిలబడింది. మన హాస్టళ్ళలో కొందరు పిల్లల్ని 'కాలకేయ' అని వెక్కిరించడం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ మాట కథలోంచి మాత్రమే రాలేదు. కెమెరా నిలబడ్డ చోటులోంచి కూడా వచ్చింది.

'ఆర్ఆర్ఆర్' (2022)లో మాత్రం మన భీం ఫ్రేమ్ మధ్యలో ఉన్నాడు. వంతెన సీను చూడండి. ఇద్దరు మనుషులు, మధ్యలో పిల్లాడు, కింద నీళ్ళు, మంట. ఇద్దరూ దూరం నుంచి చేతి సైగలతోనే ప్లాన్ వేసుకుంటారు, మనకీ అర్థమైపోతుంది. అంత స్పష్టమైన యాక్షన్ ఈమధ్య తక్కువ. కానీ చివరి అడవి పోరాటంలో ఎవరున్నారు? ఇద్దరు హీరోలు, ఎదురుగా తెల్లవాళ్ళ సైన్యం. గోండు జనం ఫ్రేములో లేరు. కల్పిత కథ అని వాళ్ళే చెప్పారు, సరే. చరిత్రలో మాత్రం కొమురం భీం ఒక్కడే కొట్లాడలేదు. జోడేఘాట్, బాబేఝరి చుట్టుపక్కల 12 ఊళ్ళ భూమి కోసం జనం కలిసి నిలబడ్డారు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకి భీంతో పాటు ఇంకా కొందరు నేలకొరిగారు. హీరో ఎంత స్పష్టంగా కనబడితే ఆ జనం అంత వెనక్కి పోయారు.

అల్లూరి సీతారామరాజు కథ కూడా అంతే. 1974లో కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి స్కోప్ సినిమా. చాలా భాగం చింతపల్లి అడవుల్లోనే తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే చనిపోతే పోరాట సీన్లు కె.ఎస్.ఆర్. దాస్ తీశాడు. వెడల్పు తెర అంటే కొండ, లోయ, జనం అన్నీ ఒకే ఫ్రేములో పట్టే వీలు. ఆ తెర మీద కూడా జనానికి గుర్తుండిపోయింది రాజు. గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు మన కొండల్లో తెలిసినంతగా బయట ఎంతమందికి తెలుసు?

దామనపల్లి ఘాట్ సీను

నేను ఒక సీను అడుగుతా, ఎవరైనా మనసులో తీసి చూడండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి మన్యం వీరులు తుపాకులు పట్టుకున్నారు. వాళ్ళని వెతుక్కుంటూ బలగాలు వచ్చాయి. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో మనవాళ్ళు పైన మాటు వేశారు. ముందుగా నడిచిన భారతీయ పోలీసుల్ని పోనిచ్చారు. వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారుల్ని మాత్రమే గురిపెట్టి కొట్టారు.

ఇది ఎట్లా సాధ్యమైంది? పైన ఉన్నవాళ్ళకి అన్నీ కనబడుతున్నాయి కాబట్టి. ఏ మలుపు దగ్గర మనిషి ఎంతసేపు కనబడతాడో, ఎవరిని వదలాలో, ఎవరిని ఆపాలో వాళ్ళకి తెలుసు. కింద ఉన్నవాళ్ళకి ఏమీ కనబడదు. ఈ సీనుని కెమెరా కింద పెట్టి, చేతిలో ఊపుతూ, కట్ మీద కట్ వేసి తీస్తే ఏమవుతుంది? అడవిలోంచి ఎక్కడి నుంచో తూటాలు, భయపడే అధికారి ముఖం. స్టేజ్‌కోచే మళ్ళీ. అదే కెమెరా పైన పెట్టి, ముందు ఘాట్ మొత్తం ఒకసారి చూపించి, మొదటి దళం నడిచిపోయేదాకా కట్ చేయకుండా ఆగి తీస్తే? తుపాకీ పట్టుకుని కూడా కాల్చకుండా ఆగిన ఆ చేతులు కనబడతాయి. వీళ్ళు గుడ్డిగా చంపే గుంపు కాదు, ఎవరితో యుద్ధమో తెలిసిన మనుషులు అని ఒక్క డైలాగు లేకుండా అర్థమవుతుంది. సంఘటన అదే, తేదీ అదే. కెమెరా చోటు మారితే చరిత్ర అర్థం మారిపోతుంది.

కొండ మీద కెమెరా పెట్టినవాళ్ళు

ఇది కల కాదు, వేరే మూలవాసులు చేసి చూపించారు. 2001లో కెనడా ఉత్తరాన ఇగ్లూలిక్ ఊరి ఇన్యూట్ మనిషి జకారియస్ కునుక్ 'అటనార్జువాట్' అనే సినిమా తీశాడు. పూర్తిగా ఇన్యూట్ భాషలో వచ్చిన మొదటి పెద్ద సినిమా. తాతముత్తాతలు చెప్పుకున్న కథే. కాన్ ఫెస్టివల్‌లో మొదటి సినిమాకి ఇచ్చే కెమెరా డోర్ అవార్డు దానికి వచ్చింది. దాంట్లో హీరో చంపడానికి వచ్చినవాళ్ళ నుంచి తప్పించుకుని, ఒంటి మీద బట్ట లేకుండా, సముద్రపు మంచు మీద పరిగెత్తుతాడు. దూరం నుంచి చూపిస్తారు. అంత తెల్లదనంలో ఒక చిన్న మనిషి, వెనక ముగ్గురు. ఇంకో చోట ఇద్దరు మగాళ్ళ పంతం. ఒకరు కణత మీద గుద్దితే ఇంకొకరు తట్టుకోవాలి, తర్వాత వంతు మారుతుంది. గబగబా కట్లు లేవు. ఆ మంచు వాళ్ళకి ఇల్లు, అందుకే ఏ చోట ఎంతసేపు ఆగాలో కెమెరాకి తెలుసు.

2022లో వచ్చిన 'ప్రే' హాలీవుడ్ సినిమానే, కానీ నిర్మాతల్లో కమాంచీ మహిళ జేన్ మైయర్స్ ఉంది. మొత్తం సినిమాని కమాంచీ భాషలోకి కూడా డబ్ చేశారు. నారు అనే కమాంచీ అమ్మాయి మొదట్లో ఒక బురదగుంటలో పడి కష్టంమీద బయటికొస్తుంది. చివర్లో అదే గుంటలోకి శత్రువుని లాగుతుంది. నేల ఎవరికి తెలుసో వాళ్ళే గెలుస్తారు. ఎనభై ఏళ్ళ కింద గుర్రపు బండిలో ఉన్న కెమెరా ఈసారి ఆమె పక్కన నడిచింది.

ఇప్పుడు మీలో చాలామంది చేతుల్లో ఫోన్లున్నాయి, షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన తాతల పోరాటాలు ఎవరో ఒకరు తీస్తారు. మీరే తీస్తే నాలుగు సంగతులు చూసుకోండి. కొట్లాట మొదలయ్యే ముందు ఆ చోటుని ఒకసారి మొత్తంగా చూపించండి. ఎవరు ఎటు పోతున్నారో గందరగోళం చేయొద్దు. దెబ్బ తగిలేదాకా ఆగండి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, హీరో వెనక నిలబడ్డ మనిషికి కూడా ఒక ముఖం, ఒక పేరు ఇవ్వండి. వేరేవాళ్ళు తీసింది చూసేటప్పుడు కూడా ఇవే ప్రశ్నలు అడగండి.

మీ ఊరి కొండ మీద జరిగిన ఏ పోరాటం సినిమాగా రావాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి? పెద్దవాళ్ళని అడిగి కింద రాయండి. వాళ్ళకి ఆ చోటు ఇంకా గుర్తుంది.